మధుమేహం – దంతారోగ్యం

పాఠ్యభాగ ఉద్దేశం

మధుమేహం కళ్లను, మూత్రపిండాలను, గుండెను, పాదాలను దెబ్బతీస్తుందని చాలామందికి తెలుసు. అది నోటిని కూడా దెబ్బతీస్తుందని, పాడైన నోరు తిరిగి మధుమేహాన్ని పెంచుతుందని తెలిసినవారు తక్కువ. ఈ పరస్పర సంబంధాన్ని వివరించి, పళ్లను, చిగుళ్లను కాపాడుకొనే విధానాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

తెలుగు కవులు పలువరుసను వర్ణించడానికి మల్లెమొగ్గలను, ముత్యాలను, దానిమ్మగింజలను ఉపమానాలుగా తెచ్చారు. ‘కుందరదన’ అనే పదం కావ్యాలు చదివేవారికి చిరపరిచితం. పళ్లకు ఇంత ప్రశస్తి దక్కినా, వాటిని పట్టి నిలిపే చిగుళ్లను పట్టించుకొన్నవారు అరుదు. ఆ లోటును భాషే తీర్చింది. కొమ్మకు పుట్టే లేత ఆకునూ, పంటి మొదలును చుట్టి ఉండే మెత్తని కండనూ తెలుగువారు ‘చిగురు’ అనే ఒకే మాటతో పిలిచారు. రెండూ లేతవే, రెండూ సుకుమారమైనవే. చీడ పట్టినప్పుడు రెండూ ముందుగా రంగు మార్చి హెచ్చరిస్తాయి. ఆకు రంగు మారితే రైతు వెంటనే గుర్తిస్తాడు. నోటిలోని చిగురు రంగు మారితే మాత్రం మనిషి గుర్తించడు. గుర్తించినా పట్టించుకోడు.

ఈ నిర్లక్ష్యానికి ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో తెలుసుకోవడానికి పశ్చిమ కర్నూలు ప్రాంతంలోని ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. ఆదోని పత్తి వ్యాపారానికి పేరుపొందిన పట్టణం. దానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం ఆ ఊరి పేరును దూరప్రాంతాలకు చేర్చింది. అటువంటి ఎమ్మిగనూరులో నలభై అయిదేళ్ల నేతగాడు ఒకడున్నాడనుకొందాం. ఉదయం పళ్లు తోముకొనేటప్పుడు అతని ఉమ్ములో రక్తపు చార కనిపించేది. ‘వేడి చేసిందిలే’ అని ఊరుకొన్నాడు. కొన్ని నెలలకు కింది వరుసలో ముందుపన్ను కదలసాగింది. ‘వయసు మీద పడుతున్నది’ అని సరిపెట్టుకొన్నాడు. తరువాత జొన్నరొట్టె కొరకలేక పప్పులో నానబెట్టుకొని తినడం మొదలుపెట్టాడు. ఇంటర్మీడియట్ చదువుతున్న కూతురు అది గమనించింది.

“నాయనా! పళ్లు ఊడే వయసా నీది? ఆదోనికి పోయి పళ్ల డాక్టరుకు చూపించుకొందాం రా.”

“నొప్పి లేదు కదమ్మా! ఈ చీరె దిగినాక చూద్దాంలే.”

కూతురు వదలలేదు. దంతవైద్యుడు నోరు పరీక్షించి, పంటి సంగతి పక్కన పెట్టి ఒక వింత ప్రశ్న వేశాడు. “రాత్రిపూట మూత్రానికి ఎన్నిసార్లు లేస్తారు?” నేతగాడు కొంచెం సిగ్గుపడి, “నాలుగైదు సార్లు సార్” అన్నాడు. మరునాడు పరగడుపున రక్తపరీక్ష చేయిస్తే మధుమేహం బయటపడింది. ఏళ్ల తరబడి శరీరంలో దాగిన జబ్బును చిగుళ్లు పట్టి ఇచ్చాయి.

ఈ నేతగాడు కల్పితుడు. కాని ఇటువంటి రోగులు దంతవైద్యులకు కొత్త కాదు. నొప్పి లేదు కనుక జబ్బు లేదని భ్రమపడడం, రక్తస్రావాన్ని వేడి అనుకోవడం, పన్ను కదలడాన్ని వయోభారం అనుకోవడం – ఈ మూడు పొరపాట్లు ఇంటింటా జరిగేవే.

మధుమేహం – పూర్వాపరాలు

మధుమేహం భారతీయులకు కొత్త జబ్బు కాదు. రోగి మూత్రానికి చీమలు, తుమ్మెదలు చేరడాన్ని ఈ వ్యాధి పూర్వలక్షణాలలో ఒకటిగా చరక సంహిత పేర్కొన్నది. సుశ్రుత సంహిత ముఖరోగాలను 65గా లెక్కించి, వాటిలో 15 దంతమూలానికి సంబంధించినవని విభజించింది. చిగుళ్ల నుండి అకారణంగా రక్తం కారడం, చిగుళ్లు మెత్తబడి పళ్లను వదలడం వంటి లక్షణాలు ఆ వర్ణనలలో ఉన్నాయి. పూర్వులు ఈ రెండు వ్యాధులను వేరువేరుగా నిశితంగా గమనించారు. వాటి మధ్య ఉన్న బంధాన్ని కొలతలతో నిరూపించినది ఆధునిక వైద్యం.

మనం తిన్న ఆహారంలోని పిండిపదార్థం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. దానిని కణాలలోనికి పంపే పని క్లోమగ్రంథి తయారుచేసే ఇన్సులిన్‌ది. ఇన్సులిన్ తగినంత తయారు కాకపోయినా, తయారైనది సరిగా పనిచేయకపోయినా రక్తంలో చక్కెర నిలిచిపోతుంది. అదే మధుమేహం. కెనడాలోని టొరంటోలో 1921లో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ ఇన్సులిన్‌ను వేరుచేశారు. బాంటింగ్ పుట్టినరోజైన నవంబరు 14ను ప్రపంచ మధుమేహ దినంగా జరుపుకొంటున్నారు.

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన విస్తృత సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. పరగడుపున రక్తంలో చక్కెర డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. 126 గాని, అంతకు మించి గాని ఉంటే మధుమేహంగా భావించి మరల పరీక్షించి నిర్ధారిస్తారు. ఈ రెండింటి మధ్య ఉన్నవారు అంచున ఉన్నట్లు.

నోటిపై మధుమేహ ప్రభావం

నోటిలో సూక్ష్మజీవులు ఎప్పుడూ ఉంటాయి. అవి, అవి తయారుచేసే జిగురు పదార్థం కలిసి పంటిపై పల్చని పొరగా ఏర్పడతాయి. దానినే పాచి అంటారు. పాచిని రోజూ తొలగించకపోతే లాలాజలంలోని ఖనిజాలు చేరి అది గారగా గట్టిపడుతుంది. గార ఒకసారి కట్టిన తరువాత బ్రష్షుకు రాదు. ఆ గార అంచున చిగురు వాచి, ఎర్రబడి, తాకితే రక్తం కారుతుంది. ఇది చిగుళ్లవాపు. ఈ దశలో శ్రద్ధ వహిస్తే చిగురు పూర్వస్థితికి వస్తుంది. అశ్రద్ధ చేస్తే చిగురుకూ పంటికీ మధ్య సందు లోతుగా పెరుగుతుంది. ఆరోగ్యవంతుల నోటిలో ఆ సందు మూడు మిల్లీమీటర్లకు మించదు. అది పెరిగేకొద్దీ లోపల దాగిన సూక్ష్మజీవుల కారణంగా పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. కరిగిన ఎముక దానంతటది తిరిగి రాదు. పునాది జారిన గోడ వలె పన్ను కదిలి, చివరకు ఊడిపోతుంది.

ఈ జబ్బు ఎవరికైనా రావచ్చు. మధుమేహం అదుపులో లేనివారిలో అది తరచుగా వస్తుంది, త్వరగా ముదురుతుంది. దానికి కారణాలు స్పష్టంగా ఉన్నాయి. రక్తంలో చక్కెర ఎక్కువకాలం అధికంగా ఉంటే సన్నని రక్తనాళాల గోడలు దళసరి అవుతాయి. చిగుళ్లకు అందవలసిన ప్రాణవాయువు, పోషకాలు సరిగా అందవు. సూక్ష్మజీవులతో పోరాడవలసిన తెల్ల రక్తకణాల శక్తి తగ్గుతుంది. చిగురును బిగువుగా ఉంచే పీచు పదార్థం త్వరగా శిథిలమవుతుంది. గాయం మానడం ఆలస్యమవుతుంది. కోటలో కాపలా బలహీనపడి, గోడ బీటలు వారిన వేళ శత్రువు ముట్టడించినట్లుంటుంది ఆ స్థితి.

రెండవ ప్రభావం లాలాజలంపై పడుతుంది. చక్కెర పెరిగినవారు తరచుగా మూత్రవిసర్జన చేయడం వల్ల ఒంటిలో నీరు తగ్గి నోరు ఎండిపోతుంది. కొన్ని మందుల వల్ల కూడా నోరు ఆరిపోవచ్చు. లాలాజలం కేవలం నీరు కాదు. అది పళ్లను కడుగుతుంది, ఆమ్లాన్ని విరుస్తుంది, పంటిపైని పింగాణీ పొరకు ఖనిజాలను అందిస్తుంది. అది తగ్గితే పళ్లు త్వరగా పుచ్చిపోతాయి. నోటి దుర్వాసన, మింగడంలో కష్టం, రుచి తెలియకపోవడం తోడవుతాయి.

మూడవది బూజుజాతి సూక్ష్మజీవుల విజృంభణ. నాలుకపై, బుగ్గల లోపల తెల్లని మచ్చలు ఏర్పడి మంట పుడుతుంది. కట్టుడుపళ్లు పెట్టుకొని రాత్రిపూట తీయనివారిలో, పొగ తాగేవారిలో ఇది అధికం.

ఇరువైపుల బంధం

నార్వే దేశంలో జన్మించి అమెరికాలో జాతీయ దంత పరిశోధన సంస్థకు సంచాలకుడుగా పనిచేసిన హెరాల్డ్ లో 1993లో చిగుళ్ల వ్యాధిని మధుమేహపు ‘ఆరవ ఉపద్రవం’గా పేర్కొన్నాడు. కళ్లు, మూత్రపిండాలు, నరాలు, పెద్ద రక్తనాళాలు దెబ్బతినడం, గాయాలు మానకపోవడం – ఈ అయిదింటి సరసన చిగుళ్లను చేర్చాడు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో పీమా తెగవారిపై జరిగిన అధ్యయనాలలో, మధుమేహం ఉన్నవారికి చిగుళ్ల వ్యాధి సోకే అవకాశం లేనివారి కంటే సుమారు మూడు రెట్లు ఉన్నట్లు తేలింది.

విశేషమేమంటే ఈ బంధం ఏకముఖం కాదు. చిగుళ్లలో దీర్ఘకాలం నిలిచిన వాపు నుండి వెలువడే రసాయనాలు రక్తంలో కలిసి ఇన్సులిన్ పనిని అడ్డుకొంటాయి. అందువల్ల చక్కెర మరింత పెరుగుతుంది. పెరిగిన చక్కెర చిగుళ్లను మరింత పాడుచేస్తుంది. మందులు వాడుతున్నా, పథ్యం చేస్తున్నా చక్కెర అదుపులోనికి రాని కొందరిలో పాడైన చిగుళ్లు కూడా ఒక కారణం కావచ్చును.

ఈ విషవలయాన్ని ఛేదించవచ్చునా? ఛేదించవచ్చునని పరిశోధనలు చెబుతున్నాయి. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే పరీక్షను హెచ్‌బీఏ1సీ అంటారు. 35 పరిశోధనలను సమీక్షించి 2022లో ప్రచురించిన కోక్రేన్ నివేదిక ప్రకారం, చిగుళ్లకు చికిత్స చేసిన మూడు నాలుగు నెలలకు ఆ విలువ సగటున 0.43 శాతం పాయింట్లు తగ్గింది. ఇది చిన్న అంకెగా కనిపించవచ్చును. కాని మందుకు తోడుగా నోటిశుభ్రత చేసే ఈ మేలు ఉపేక్షింపదగినది కాదు. అయితే చిగుళ్ల చికిత్స మధుమేహపు మందుకు తోడు మాత్రమే, బదులు కాదు.

జీవన విధానం – ప్రమాదాలు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు మెట్టభూములలో జొన్న, కొర్ర ఒకనాడు ప్రధాన ఆహారం. కాలక్రమంలో పళ్లెంలో వరి అన్నం పాలు పెరిగింది. మార్కెట్‌లో మూటలు మోసే హమాలీ, మగ్గం గుంటలో కాళ్లుపెట్టి కూర్చొనే నేతగాడు అలసట తీరడానికి పూటకు రెండు మూడుసార్లు చక్కెర కలిపిన టీ తాగుతారు. తీపి ఎంత తిన్నామన్నదే కాక, రోజుకు ఎన్నిసార్లు నోటిలో పడిందన్నది కూడా పళ్లకు ముఖ్యం. గుక్కెడు టీ తాగిన ప్రతిసారీ సూక్ష్మజీవులు కొంతసేపు ఆమ్లాన్ని తయారుచేస్తూనే ఉంటాయి.

పొగాకు ఈ ప్రమాదాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. పొగాకు చిగుళ్లకు రక్తప్రసరణను తగ్గిస్తుంది. అందువల్ల పొగ తాగేవారిలో జబ్బు ముదిరినా చిగురు నుండి రక్తం అంతగా కారదు. హెచ్చరించే గంటను ముందే కట్టివేసినట్లవుతుంది. వక్క, గుట్కా, తంబాకు నమిలేవారికి నోటి క్యాన్సర్ ముప్పు అదనం.

ఈ ప్రాంతానికి మరొక కష్టమున్నది. వానలు మొగం చాటేసిన ఏడు కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వంటి మండలాల నుండి కుటుంబాలు ‘సుగ్గి’కి వలసపోతాయి. గుంటూరు వైపు మిరపకోతలకు, బెంగళూరు వైపు కట్టడాల పనులకు వెళ్లినవారికి తెచ్చుకొన్న మాత్రలు అయిపోతే పరాయి ఊరిలో ఆసుపత్రిని వెతుక్కొనే తీరిక ఉండదు. గుడారాలలో నీటికి కటకట. మందు మానడం, నోరు కడుక్కోకపోవడం ఏకకాలంలో జరిగే ఆ నెలలలోనే జబ్బు ముదురుతుంది. వలసకు మూటాముల్లె సర్దుకొనేటప్పుడు మందుల చీటీ, తిరిగివచ్చే వరకు సరిపడే మాత్రలు, ఒక బ్రష్షు ఆ మూటలో ఉండడం అత్యవసరం.

అపోహలు – వాస్తవాలు

దంత వైద్యం చుట్టూ అపోహలు అల్లుకొని ఉన్నాయి. గార తీయిస్తే పళ్లు కదులుతాయన్నది మొదటి అపోహ. నిజానికి చిగురు, ఎముక కరిగిపోయిన చోట గారే పళ్లను అతికించినట్లు నిలుపుతుంది. దానిని తీసినప్పుడు అంతకు ముందే జరిగిన నష్టం బయటపడుతుంది. నేరం జబ్బుది, నింద వైద్యానికి.

పైపన్ను తీయిస్తే చూపు పోతుందన్నది రెండవ అపోహ. పన్ను తీయడం వల్ల చూపు మందగించదు. మధుమేహం ఉన్నవారి చూపు తగ్గితే దానికి చక్కెర కారణమేమోనని కంటివైద్యుని సంప్రదించాలి.

బొగ్గుపొడి, ఇటుకపొడి, ఇసుక పళ్లను తళతళలాడిస్తాయన్నది మూడవది. అవి పింగాణీ పొరను అరగదీస్తాయి. పొగాకు కలిసిన పళ్లపొడులు మరీ ప్రమాదకరం. అటువంటి దంత ఉత్పత్తులను భారత ప్రభుత్వం 1992లో నిషేధించింది. నొప్పి ఉన్న పంటిపై కర్పూరమో, మరేదో ఘాటైన ద్రవమో పోసి చిగురును కాల్చుకోవడం కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లే.

వేపపుల్ల మాటేమిటి? చేదు రుచిగల పుల్లలలో వేప శ్రేష్ఠమని సుశ్రుత సంహిత దంతధావన విధిలో చెప్పింది. లేతపుల్లను మెత్తని కుంచెలా నమిలి నెమ్మదిగా తోముకొంటే మంచిదే. గట్టిపుల్లతో చిగురును గీరుకొంటే గాయమవుతుంది. మధుమేహ రోగికి ఆ చిన్నగాయం కూడా త్వరగా మానదు.

సంరక్షణ మార్గాలు

రోజుకు రెండుసార్లు, ముఖ్యంగా రాత్రి పడుకొనే ముందు, రెండు నిమిషాల పాటు పళ్లు తోముకోవాలి. మెత్తని కుచ్చుగల బ్రష్షును చిగురూ పన్నూ కలిసే చోట ఏటవాలుగా ఆనించి మృదువుగా కదపాలి. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు పుచ్చును నివారిస్తుంది. మూడు నెలలకొకసారి బ్రష్షు మార్చాలి. పళ్ల సందులను సన్నని దారంతో గాని, చిన్న కుంచెతో గాని శుభ్రం చేయాలి. గుండుసూదులు, పుల్లలు వాడరాదు. తిన్న ప్రతిసారీ నీటితో పుక్కిలించాలి. కట్టుడుపళ్లను రాత్రిపూట తీసి, కడిగి, నీటిలో ఉంచాలి.

మధుమేహం ఉన్నవారు ఆరు నెలలకొకసారి, అవసరమైతే ఇంకా ముందుగానే దంతవైద్యునికి చూపించుకోవాలి. తమకు మధుమేహమున్నదని, ఏ మందులు వాడుతున్నారని తప్పక చెప్పాలి. చికిత్సకు ఉదయంపూట, ఫలహారం చేసి, వేళకు మందు వేసుకొని వెళ్లడం మేలు. ఏమీ తినకుండా మందు మాత్రం వేసుకొని వెళితే చక్కెర పడిపోయి చెమట, వణుకు, కళ్లు తిరగడం వంటి లక్షణాలు రావచ్చును. అప్పుడు వెంటనే చక్కెరనీరు గాని, గ్లూకోజు గాని ఇవ్వాలి. పన్ను తీయించుకోవలసి వస్తే ముందుగా చక్కెర స్థాయిని పరీక్షించుకోవాలి. ముఖం వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం కష్టమైనా ఆలస్యం చేయరాదు.

30 ఏళ్లు నిండినవారికి మధుమేహం, రక్తపోటు, నోటి క్యాన్సర్ వంటి వ్యాధులను ముందే గుర్తించే పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో జరుగుతాయి. ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను అడిగితే వివరాలు తెలుస్తాయి.

ముగింపు

‘నోరు మంచిదైతే ఊరు మంచిది’ అని సామెత. పెద్దలు మాటతీరును ఉద్దేశించి చెప్పిన ఆ మాట ఆరోగ్యానికీ వర్తిస్తుంది. నోరు బాగుంటే ఒళ్లు బాగుంటుంది. పెద్దవారు సంపాదనలో పడి తమ ఒంటి సంగతి మరచిపోతారు. నొప్పి లేని జబ్బును అసలే తలచుకోరు. తండ్రి రొట్టెను నానబెట్టుకొని తింటున్నాడని, తల్లి ఒకవైపే నములుతున్నదని, అవ్వ రాత్రంతా నీళ్లు అడుగుతున్నదని ముందుగా గమనించగలిగినవారు ఆ ఇంటి పిల్లలే. ఊహలోని ఆ నేతగాని కూతురు వైద్యం చదవలేదు. కళ్లెదుట కనిపించినదానిని కనిపించినట్లు గ్రహించింది. ‘మళ్లీ చూద్దాంలే’ అన్న మాటను అంగీకరించలేదు. ఆ పాటి శ్రద్ధ ప్రతి విద్యార్థికీ సాధ్యం. దానివల్ల ఇంటిలో ఒకరి పళ్లే కాదు, కళ్లు, మూత్రపిండాలు, గుండె కూడా నిలబడవచ్చును.

అర్థాలు

ప్రశస్తి = కీర్తి, పొగడ్త
రదనం = పన్ను
దంతధావనం = పళ్లు తోముకోవడం
పరగడుపు = ఏమీ తినక ముందు ఉండే ఖాళీ కడుపు
ఉపద్రవం = ఒక వ్యాధి వల్ల కలిగే మరొక వ్యాధి, ఆపద
ఉపేక్ష = లెక్కచేయకపోవడం
సుగ్గి = పంటకోతల కాలం; ఆ పనులకై పోయే వలస

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. మధుమేహం నోటిపై చూపే ప్రభావాలను వివరించండి.
2. మధుమేహానికీ చిగుళ్ల వ్యాధికీ గల పరస్పర సంబంధాన్ని పాఠం ఆధారంగా విశ్లేషించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. దంత వైద్యం గురించిన అపోహలను, వాస్తవాలను తెలపండి.
2. వలసపోయే కుటుంబాలలో మధుమేహం ముదరడానికి కారణాలేవి?
3. మధుమేహం ఉన్నవారు దంత చికిత్సకు వెళ్లేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను రాయండి.

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. పాచి అంటే ఏమిటి?
2. చిగుళ్ల వ్యాధిని ‘ఆరవ ఉపద్రవం’ అన్నదెవరు?
3. పొగ తాగేవారిలో చిగుళ్ల జబ్బు త్వరగా బయటపడకపోవడానికి కారణమేమి?

సంధులు

దంతారోగ్యం = దంత + ఆరోగ్యం – సవర్ణదీర్ఘ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి

సమాసాలు

రక్తస్రావం – రక్తం యొక్క స్రావం – షష్ఠీ తత్పురుష సమాసం
కుందరదన – కుందముల వంటి రదనములు కలది – బహువ్రీహి సమాసం

కృత్యం

మీ ఇంటిలో, ఇరుగుపొరుగున 30 ఏళ్లు దాటిన అయిదుగురిని కలిసి, వారు చివరిసారిగా చక్కెర పరీక్ష, పళ్ల పరీక్ష ఎప్పుడు చేయించుకొన్నారో తెలుసుకోండి. పేర్లు రాయకుండా పట్టిక తయారుచేసి తరగతిలో చర్చించండి.